బెరడు మీద బాట

సంక్రాంతి వెళ్లి నాలుగు రోజులైంది. రాత్రి తొమ్మిదిన్నర. నూజివీడు పొలిమేరల్లో ఓ పాత మామిడితోట. చలిగా ఉంది. పైన ఆకుల్లోంచి మంచు బొట్లు బొట్లుగా రాలుతోంది. పూత వాసన గుప్పుమంటోంది.

‘లైటు ఇటు కొట్టు’ అన్నాడు మావయ్య.

టార్చి వెలుగు కొమ్మ పంగ మీద పడింది. అక్కడ సాలెగూడు లాంటిదేదో ఉంది. సాలెగూడంత తెల్లగా లేదు. తడిసి ఆరిన రంపపు పొట్టు రంగులో, దారాలు దారాలుగా, వంకరటింకరగా కాండం మీదికి జానెడు మేర పాకింది. మావయ్య ఓ పుల్లతో దాని అంచు పట్టుకుని పైకి లేపాడు. నానిన గోనెపట్టాలా ఊడి వచ్చింది. కింద చెట్టుకి చర్మం లేదు! ఎర్రగా, పచ్చిగా, మోకాలు గీరుకుపోయిన పిల్లాడి దెబ్బలా ఉంది. ఆ పుండు మీద చిటికెనవేలంత పురుగొకటి. వెలుతురు తగలగానే గబగబా పంగలో ఉన్న చిల్లులోకి దూరిపోయింది.

‘చూశావా? ఏడు నెలల్నుంచీ అద్దె కట్టకుండా ఇక్కడే ఉంటోంది’ అన్నాడు మావయ్య.

పంచాయితీకి పిలుపు

నిజానికి నేను నూజివీడు వెళ్లింది పురుగుల్ని చూడ్డానికి కాదు. ఓ ఇంటి పంచాయితీ తీర్చడానికి. మా తాతయ్య నాటిన మూడెకరాల తోట అది. నూట పది చెట్ల పైచిలుకు. ఎక్కువ చిన్నరసాలు, కొన్ని బంగినపల్లి, గట్టు వెంబడి నాలుగు తెల్లగులాబీలు. ఇప్పుడా చెట్లకి అరవై ఏళ్లు దాటాయి. కాపు తగ్గింది. కొమ్మలు ఎండుతున్నాయి. తోట ముగ్గురిది... బెజవాడలో ఉండే రిటైర్డు మాస్టారు మావయ్యది, హైదరాబాదులో మా అమ్మది, డాలస్‌లో మా పిన్నిది. పిన్నేమో ‘కొట్టించేసి పామాయిల్ వేద్దాం’ అంటుంది. అమ్మ ‘నా కళ్ల ముందు ఆ పని వద్దు’ అంటుంది. మావయ్య ఏమీ అనడు. చివరికి ‘నువ్వు పేపర్లో రాస్తావుగా, వెళ్లి నాలుగు విషయాలు కనుక్కురా’ అని నన్ను పంపారు.

బెజవాడ నుంచి నూజివీడు నలభై అయిదు కిలోమీటర్లుంటుందేమో. నున్న మీదుగా ఆగిరిపల్లి దారి పట్టాం. ఇదే దారిన మే నెలలో వచ్చి చూడండి... నున్న మార్కెట్ దగ్గర లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు, గడ్డి పరిచిన కాయల రాశులు, అరుపులు, ఈగలు. రోడ్డు మీదికి వచ్చే సరికి మన చొక్కాకి కూడా జీడి వాసన పట్టేస్తుంది. జనవరిలో మాత్రం ఆ షెడ్లన్నీ ఖాళీ. ఒక షెడ్డులో పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. ఆగిరిపల్లి కొండ మీద శోభనాచలస్వామికి బస్సులోంచే దణ్ణం పెట్టేసుకుంటే ఇక అక్కడి నుంచి నేల రంగు మారిపోతుంది. ఎర్రనేల. రెండు పక్కలా మామిడి. ముదురాకుపచ్చ గొడుగులకి లేత బంగారు జరీ కుట్టినట్టు పూత.

నూజివీడు అనగానే మనకి రసాలే గుర్తొస్తాయి. కానీ ఆ ఊరికి ఇంకా చాలా ఉన్నాయి. పనస కర్రతో వీణలు చేసే కళాకారులున్నారు. జమీందారీ రోజుల గుర్తులున్నాయి. 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. మా బస్సులో సగం మంది ఆ పిల్లలే, పండగ సెలవుల నుంచి తిరిగొస్తూ. 2022లో జిల్లాలు మార్చినప్పుడు ఈ ఊరిని కృష్ణా నుంచి తీసి ఏలూరు జిల్లాలో కలిపారు. రసాలకి మాత్రం ఆ సంగతి తెలియదు!

మావయ్య తోట ఊరికి ఆవల. కాపలా తాత గేటు తీశాడు. గేటంటే గేటు కాదు, రెండు వెదుళ్లు. పండగకి వచ్చిన మావయ్య అప్పటికి మూడు రోజులుగా తోటలోనే ఉంటున్నాడు. ఆయన చేతిలో పాత సైకిలు చువ్వ ఒకటి ఉంది. దాని కొస కాస్త వంచి ఉంది. అదెందుకని అడిగితే ‘రాత్రికి చూపిస్తాలే’ అన్నాడు.

మూడు రోజుల తల్లి, పది నెలల పిల్ల

దీన్ని మన రైతులు బెరడు తినే పురుగు అంటారు. శాస్త్రజ్ఞుల లెక్కలో ఇండార్బెలా. ఈ జాతిలో మన తోటల్లో ఎక్కువగా కనిపించేది ఇండార్బెలా క్వాడ్రినోటేటా. నాలుగు మచ్చలది అని ఆ పేరుకి అర్థం. 1856లో ఫ్రాన్సిస్ వాకర్ అనే ఇంగ్లీషాయన పేరు పెట్టాడు. ఈ జాతికి మొదట ఆర్బెలా అని పేరుండేది. ఆ పేరు అప్పటికే వేరే పురుగుకి ఉందని తేలాక, 1922లో ఫ్లెచర్ ముందు ‘ఇండ్’ తగిలించి ఇండార్బెలా చేశాడు. అలా మన దేశం పేరు ఓ బెరడు పురుగు నెత్తిన పడింది.

దీనికి మామిడి ఒక్కటే కాదు. జామ, బత్తాయి, నిమ్మ, నేరేడు, రేగు, ఉసిరి, దానిమ్మ, ఉత్తరాదిన లిచీ... పెరట్లో మునగ చెట్టునీ వదలదు. కోస్తాలో సరుగుడు తోటల్లోనూ ఉంది. మన దేశంతో పాటు శ్రీలంకలో, బంగ్లాదేశ్‌లో కూడా దీని కాపురం సాగుతోంది. మీ కాలనీలో ముసలి చెట్టేదైనా ఉంటే ఓసారి కొమ్మ పంగల్లోకి తలెత్తి చూడండి. ఆ గోధుమరంగు వల కనబడినా ఆశ్చర్యం లేదు.

దీని బతుకు విచిత్రంగా ఉంటుంది. రెక్కల పురుగు ఎండాకాలం చివర, తొలకరి వేళ బయటికి వస్తుంది. లేత గోధుమ రంగు, రెక్కల మీద ముదురు చుక్కలు, గీతలు. చెట్టు మీద వాలితే బెరడేదో అదేదో తెలియదు. ఆయుష్షు మూడు రోజులు! ఆ మూడు రోజుల్లో జతకట్టి, బెరడు పగుళ్లలో పదిహేను ఇరవై గుడ్ల చొప్పున గుంపులుగా పెట్టి పోతుంది. వారం పది రోజుల్లో పిల్లలొస్తాయి. ఆ పిల్ల మాత్రం తొమ్మిది పది నెలలు బతుకుతుంది. తల్లి మూణ్ణాళ్ల ముచ్చట, పిల్ల ఏడాది కాపురం!

కాపురమంటే నిజంగా కాపురమే. ముందు కొమ్మ పంగలోనో, పగులులోనో చెక్కని తొలిచి జానెడు లోతున సొరంగం చేసుకుంటుంది. పగలంతా అందులో పడుకుంటుంది. చీకటి పడ్డాక బయటికొచ్చి బెరడు తింటుంది. ఊరికే తినదు. తాను వెళ్లే దారంతా పట్టుదారాలు అల్లి, వాటికి తన విసర్జననీ చెక్కపొట్టునీ అతికించి పైకప్పు వేసుకుంటుంది. ఆ కప్పు కింద నుంచే వెళ్తుంది, ఆ కప్పు కింద నుంచే తిరిగొస్తుంది. బెరడు మీద అదో ప్రైవేటు రోడ్డు. మనం పగలు చూసి సాలెగూడనుకునేది దాన్నే.

సాధారణంగా ఒక సొరంగంలో ఒకటే పురుగు. ఒక్క పురుగుతో అరవై ఏళ్ల చెట్టు చచ్చిపోదు. ఆ మాట కూడా చెప్పాలి. కానీ ఆకులు వండిన తిండి వేళ్లకి దిగేది ఈ బెరడు లోపలి పొరలోంచే. ఒకే చెట్టుకి అయిదారు చిల్లులు, రెండు మూడేళ్లు వరసగా పడితే కొమ్మ నీరసిస్తుంది. కాపు తగ్గుతుంది. పంగ దగ్గర గుల్లబారిన కొమ్మ, కాయ బరువుకి గాలి తోడైతే ఫెళ్లున విరుగుతుంది. లేత మొక్కయితే చావనూ వచ్చు.

‘మొన్న ఏప్రిల్లో గాలివానకి పడిన కొమ్మలన్నీ ఇట్టాంటియ్యే బాబూ. విరిగిన చోట చూస్తే వేలు పట్టేంత బెజ్జం’ అన్నాడు కాపలా తాత.

మరి అప్పుడే ఎవరితోనైనా చెప్పలేదా తాతా అంటే, ‘ఎవురికి చెప్పాల?’ అని నవ్వాడు.

కాయ నాది... చెట్టు మీది!

ఆ ప్రశ్నకి జవాబు నాకు మర్నాడు దొరికింది. పొద్దున్నే కాపు కొనే వ్యాపారి బైకు మీద వచ్చాడు. నూజివీడు చుట్టుపక్కల చాలా తోటల్లో జరిగేది ఇదే. పూత మీదో, పిందె మీదో బేరం కుదురుతుంది. వ్యాపారి కొంత డబ్బు ముందిస్తాడు. అప్పట్నుంచి కాయ కోసే దాకా తోట అతని చేతిలో ఉంటుంది. మందులు కొట్టించడం, కాపలా, కోత, మార్కెట్టు... అన్నీ అతనివే. లాభమొచ్చినా అతనిదే, గాలివానొచ్చి రాలిపోయినా అతనిదే. పాపం, అతని గుండె కూడా పిడికెడే! పూత మీద తేనెమంచు పురుగు పడిందంటే నిద్ర ఉండదు. తామర పురుగు అంటే మరీ హడలు. తోటంతా తిరిగి పూతని వేళ్లతో దులిపి, అరచేతిలో పడిన నలుసుల్ని కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాడు. ఈ పదేళ్లలో మందుల ఖర్చు ఎంత పెరిగిందో వేళ్ల మీద లెక్క చెప్పాడు.

మావయ్య అతన్ని ఓ చెట్టు దగ్గరికి తీసుకెళ్లి వల చూపించాడు. ఒప్పందం కాగితంలో ఒక్క వాక్యం రాద్దామా, కోత అయ్యాక ఈ చిల్లులు కూడా శుభ్రం చేయించి వెళ్లాలని, అని అడిగాడు.

అతను వల వైపు చూశాడు. మావయ్య వైపు చూశాడు. ‘మాస్టారూ, పురుగు కాయలో ఉంటే నాది. చెట్టులో ఉంటే మీది’ అన్నాడు.

అతని తప్పేం లేదు. వచ్చే ఏడాది ఈ తోట అతనికే దక్కుతుందని ఎవరైనా రాసిచ్చారా? ఒక్క కాపు కోసం వచ్చినవాడు పదేళ్ల తర్వాత పడబోయే కొమ్మ గురించి ఎందుకు ఆలోచిస్తాడు? ఇక చెట్టు యజమానులం మేం ఎక్కడున్నాం? ఒకరు బెజవాడ, ఒకరు హైదరాబాదు, ఒకరు డాలస్!

అప్పుడు నాకో సంగతి వెలిగింది. కేలెండరు తీసి చూడండి. మే నెలాఖరుకో జూన్ మొదటి వారానికో చివరి కాయ కోసేసి వ్యాపారి గుడిసె పీకేస్తాడు. సరిగ్గా అప్పుడే, రోహిణి కార్తె పోయి మృగశిర వస్తుండగా, రెక్కల పురుగు గుడ్లు పెడుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో వలలు కంటికి ఆనతాయి. అప్పుడు తోటలో ఎవరుంటారు? గేదెలు మేపుకునేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. మేం వచ్చేది సంక్రాంతికి. అది కూడా పూత చూసి, వ్యాపారితో బేరమాడి, అడ్వాన్సు పంచుకుని, అరిసెలు తిని వెళ్లిపోవడానికి. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి తోట మారే ఆ ఏడెనిమిది నెలల సందులో ఈ పురుగు పుట్టి, పెరిగి, ఇల్లు కట్టుకుంటోంది. దీన్ని నిర్లక్ష్యం చేసిన తోటల పురుగు అని ఎందుకంటారో పుస్తకం చదివితే ఇంత బాగా తెలిసేది కాదు.

సైకిలు చువ్వ వైద్యం

ఇంతకీ దీనికి మందేమిటి? వింటే మీరు నమ్మరు. పెద్దగా ఏమీ అక్కర్లేదు.

మావయ్య చేసి చూపించాడు. ముందు పాత చీపురుతో వలంతా ఊడ్చేశాడు. అప్పుడు చిల్లు కనబడింది. సైకిలు చువ్వ అందులోకి నెమ్మదిగా దింపాడు. సగానికి పైగా దిగింది. రెండు మూడు సార్లు పైకీ కిందకీ ఆడించి, మెలితిప్పి లాగాడు. కొసన తడి. ‘అయిపోయింది’ అన్నాడు. చువ్వకి అందకపోతే చిన్న దూది ఉండని పెట్రోల్లో ముంచి లోపలికి దోపి, పైన బంకమట్టితో మూసేస్తే చాలు. ఒకప్పుడు కిరోసిన్ వాడేవాళ్లు. ఇప్పుడది దొరికితే కదా! మా బైకు ట్యాంకులోంచే సీసాడు పెట్రోలు తీశాం. ఇదివరకు డైక్లోరోవాస్ మందు వాడమనేవాళ్లు. 2020 డిసెంబరు 31 నుంచి దాన్ని దేశంలో నిషేధించారు. పాత పుస్తకాల్లో, కొన్ని పాత కరపత్రాల్లో ఇంకా ఆ పేరే ఉంటుంది. చూసి కొనబోకండి. పుండు పడిన చోట కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు కలిపిన బోర్డో పేస్టు పూస్తే చెట్టు తన చర్మం తనే కప్పుకుంటుంది. కాయ కోత అయిన వెంటనే ఎండుకొమ్మలు తీసేసి, చెట్టు మధ్యకి ఎండ తగిలేలా చేస్తే సగం పని తగ్గుతుందట.

చెప్పడానికి తేలికే. చేస్తే తెలిసింది. నేను మొదటి రోజు పన్నెండు చెట్లు చేసేసరికి మెడ పట్టేసింది. పంగలన్నీ నిచ్చెన వేస్తే గానీ అందని ఎత్తులో ఉంటాయి. నిచ్చెన జరపాలి, ఎక్కాలి, ఊడవాలి, వెతకాలి, పొడవాలి, దిగాలి. ఎర్రచీమలు సరేసరి. నాలుగోసారి అవి చొక్కాలో దూరాక, తోట కొట్టించేద్దామన్న పిన్ని మాటలో కూడా న్యాయముందేమో అనిపించింది!

కాపలా తాత మాత్రం నిచ్చెన లేకుండానే ఎక్కేస్తున్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. ‘మీ తాతగారుండగా ఈ పనికి ప్రత్యేకంగా మనిషుండేవోడు. ఏడాదికి రెండు మాట్లు చెట్టు చెట్టూ తడిమేవోడు. ఆ మనిషిని నేనే’ అన్నాడు పై కొమ్మ మీద నుంచి. మరి ఎందుకు మానేశావంటే, ‘జీతం మానేశారుగా బాబూ’ అన్నాడు. మావయ్య నిచ్చెన సర్దుతూ తల వంచుకున్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం పక్క చేలోకి వెళ్లాం. నాలుగేళ్ల కిందటి దాకా అదీ మామిడితోటే. ఇప్పుడు వరసలు తీర్చిన పామాయిల్ చెట్లు. యజమాని మా మావయ్యకి చిన్ననాటి స్నేహితుడు. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాడు. మామిడి కొట్టించినందుకు బాధ లేదా అని అడగబోతే ఆయనే అందుకున్నాడు. పామాయిల్ గెల పది పదిహేను రోజులకోసారి కోస్తారు. కాటా వేస్తారు. ఫ్యాక్టరీ డబ్బు బ్యాంకులో పడుతుంది. ధర తగ్గినా పెరిగినా ఎంతో కొంత వస్తుందని తెలుసు. మామిడికి ఆ ధీమా ఎక్కడుంది? ఒక ఏడాది విరగకాస్తే ధర ఉండదు, ధర ఉన్న ఏడాది కాయ ఉండదు. పిల్లలు ఎలాగూ రారు. ఆయన చెప్పినదాంట్లో నేను కాదనగలిగింది ఒక్కటీ లేదు. వచ్చేటప్పుడు ఆయన మా వెంట గట్టు దాకా వచ్చి, మా తెల్లగులాబీ చెట్టు కింద నిలబడి కాసేపు పూత చూసి వెళ్లాడు.

మూడో రోజు సాయంత్రానికి లెక్క తేలింది. నూట పదమూడు చెట్లు. వలలు ఉన్నవి నలభై ఒకటి. చిల్లులు తొంభై ఆరు. అన్నీ మావయ్య స్కూలు నోట్‌బుక్కులో చెట్టు నంబరు, కొమ్మ దిక్కు రాసుకున్నాడు... పూర్వాశ్రమంలో లెక్కల మాస్టారాయె! ఎనిమిది చెట్లు బాగా చెడిపోయాయి. అవి పోవాల్సిందే. మిగిలినవి నిలబడతాయని తాత అంటున్నాడు. నేను నిపుణుణ్ణి కాను. కానీ అరవై ఏళ్లుగా ఆ చెట్లెక్కి దిగినవాడి మాట కాదనే ధైర్యం నాకు లేదు.

ఆ రాత్రి పిన్నికి వీడియో కాల్ చేశాం. అక్కడ తెల్లవారింది. చేతిలో కాఫీ కప్పు. మావయ్య ఫోను కెమెరాని సీసాలో పట్టిన పురుగు మీద పెట్టాడు. ‘ఛీ, ఛీ... పొద్దున్నే ఏంటన్నయ్యా ఇది!’ అని పిన్ని మొహం తిప్పుకుంది. తర్వాత మెల్లిగా, ‘ఆ తెల్లగులాబీలకి కూడా పట్టిందా?’ అని అడిగింది. రెండింటికి పట్టిందని చెప్పాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘ఈ ఏడాదికి ఆగండి’ అంది చివరికి. పామాయిల్ మాట తీసేయలేదు. వాయిదా వేసింది, అంతే.

కాపలా తాతకి జూన్ నుంచి నెల జీతం ఇవ్వాలని ముగ్గురూ ఒప్పుకున్నారు. ఎంతన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఆ పంచాయితీ ఇప్పుడు ఫోన్లలో నడుస్తోంది.

మర్నాడు బస్సెక్కేటప్పుడు మావయ్య ఆ సైకిలు చువ్వని పాత పేపరులో చుట్టి నా సంచిలో పెట్టాడు. ఇక్కడ ఆఫీసులో నా బల్ల మీద పెన్నుల డబ్బాలో ఉంది. మృగశిర నాటికి వస్తానని మాటిచ్చాను కాబట్టి జూన్ రెండో వారానికి సెలవు చీటీ పెట్టాను. కారణం అన్న చోట ‘సొంత పని’ అని రాస్తే మా బాసు పిలిచి, పెళ్లిచూపులా అని అడిగారు.